వేడెక్కాక సెల్ఫ్ "టక్" మని ఆగిపోతోందా? విప్పే ముందు కొలవండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. పాత మాసీ ఫెర్గూసన్ 135 ట్రాక్టరు, మూడు సిలిండర్ల డీజిల్. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కాస్త నీరసంగానైనా సెల్ఫ్ (ఇంజిన్‌ని తిప్పి స్టార్ట్ చేసే మోటారు) తీసుకుంటుంది. రెండు గంటలు పని చేయించి ఆపితే మాత్రం మళ్లీ తీసుకోదు. తాళం తిప్పితే "టక్" మని ఒక్క చప్పుడు, అంతే. అరగంట చల్లారితే మళ్లీ మామూలే. బ్యాటరీ కొత్తది వేశారు, తేడా లేదు. సెల్ఫ్ మోటారు తీసేసి, రీకండిషన్ చేసిన ఇంకోటి బిగించారు, అయినా అదే కథ. ఇంజిన్ లోపలే బిగుసుకుంటోందేమో, హెడ్డు విప్పాలా అని అడుగుతున్నారు.

హెడ్డు జోలికి వెళ్లకండి. సగం జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. రెండు బ్యాటరీలు, రెండు మోటార్లు ఒకేలా మొరాయించాయంటే, తప్పు మారిన వాటిలో ఉండే అవకాశం తక్కువ. మారకుండా మిగిలిన వాటిలో వెతకాలి. మిగిలినవేంటి? బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కి వచ్చే లావు కేబుల్, ఎర్త్ పట్టీ (బ్యాటరీని బండి ఒంటికి కలిపేది), వాటి చివర లగ్గులు (బోల్టుకి బిగించే లోహపు కొనలు), తాళం స్విచ్, న్యూట్రల్ సేఫ్టీ స్విచ్ (బండి గేర్‌లో ఉంటే సెల్ఫ్ కొట్టనివ్వనిది), వీటి మధ్య సన్న తీగలు. సోలనాయిడ్ (తాళం తిప్పగానే మోటారుకి లావు కరెంటు కలిపే స్విచ్) మోటారు మీదే ఉండే రకమైతే మోటారుతోపాటే మారిపోయింది. విడిగా బిగించి ఉండే రకమైతే పాతదే ఉండిపోయింది కాబట్టి దాన్నీ లెక్కలో పెట్టుకోండి.

సెల్ఫ్ సమస్య అని నా దగ్గరికొచ్చే పాత ట్రాక్టర్లలో ఎక్కువ భాగం మోటారు తప్పు కాదు, దానికి కరెంటు చేర్చే దారి తప్పు. కారణం చెబుతాను, ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక.

ఈ సైజు డీజిల్ ఇంజిన్ తిప్పడానికి సెల్ఫ్ సుమారు 200 నుంచి 400 ఆంపియర్ల దాకా లాగుతుంది. మోటారు కదిలే తొలి క్షణంలో ఇంకా ఎక్కువే. లెక్కకి 300 అనుకుందాం. దారిలో ఎక్కడో ఒక లగ్గు కింద తుప్పు పట్టి, ఓమ్‌లో నూరో వంతు అడ్డం (రెసిస్టెన్స్) ఏర్పడిందనుకోండి. 300 ఆంపియర్లు దాన్ని దాటాలంటే అక్కడే 3 వోల్టులు ఖర్చవుతాయి. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు బ్యాటరీ ఎలాగూ పదిన్నర వోల్టుల దగ్గరికి దిగుతుంది. అందులో 3 పోతే మోటారుకి చేరేది ఏడున్నర. ఆ 3 వోల్టులూ ఎటు పోయాయంటే, ఆ లగ్గు దగ్గర వేడిగా మారాయి. 300 ఆంపియర్లు, 3 వోల్టులు అంటే 900 వాట్లు. నీళ్లు కాచే హీటరంత వేడి ఒక నట్టు కింద పుడుతోందన్నమాట.

ఇదే అడ్డాన్ని మల్టీమీటర్‌లో ఓమ్స్ పెట్టి పట్టుకోలేరు. మామూలు మీటరుకి నూరో వంతు ఓమ్ సున్నాతో సమానం. కంటిన్యుటీ పెట్టి "బీప్" వినడం ఇంకా మోసం. కేబుల్‌లో పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు బీప్ అంటుంది. టెస్ట్ లాంపు కూడా అంతే, దానికి అర ఆంపియరు చాలు, వెలుగుతుంది. అందుకే "వైరింగంతా చెక్ చేశాం, బాగానే ఉంది" అని ఎవరైనా అంటే ఎలా చెక్ చేశారని అడుగుతాను. బరువు మీద, అంటే సెల్ఫ్ కొడుతూ ఉండగా, వోల్టులు ఎక్కడ పడిపోతున్నాయో చూసిందొక్కటే నిజమైన చెక్.

కొలిచే ముందు భద్రత సంగతి. దీన్ని వదిలేసి ముందుకు చదవకండి. గేర్ న్యూట్రల్, హైలో లివర్ (హై, లో గేర్లు మార్చేది) న్యూట్రల్, పీటీఓ (పనిముట్లని తిప్పే వెనక షాఫ్టు) ఆఫ్, హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టండి. డీజిల్ స్టాప్ నాబ్ లాగి పట్టి ఉంచాలి, ఇంజిన్ అంటుకోకూడదు. పెట్రోల్ ఇంజినైతే కాయిల్‌కి వెళ్లే సన్న తీగ తీసేయండి. చేతికి ఉంగరం, వాచీ, కడియం ఉంటే తీసి జేబులో వేసుకోండి. తాళం తిప్పే మనిషి సీట్లో కూర్చోవాలి, మీటరు పట్టుకునే మనిషి చక్రానికి ఎదురుగా కాకుండా పక్కకి ఉండాలి. నేల మీద నిలబడి, స్క్రూడ్రైవర్‌తో సోలనాయిడ్ బోల్టులు రెండూ కలిపి స్టార్ట్ చేసే అలవాటు చాలామందికి ఉంది. అలా చేస్తే న్యూట్రల్ స్విచ్‌కి పనే ఉండదు. బండి గేర్‌లో ఉంటే ఇంజిన్ అంటుకున్న మరుక్షణం కదులుతుంది, వెనక చక్రం సరిగ్గా మీరు నిలబడ్డ చోటుకే వస్తుంది. ఈ ఒక్క పనితో ప్రాణాలు పోగొట్టుకున్న మనుషులున్నారు. దయచేసి ఎంత తొందరున్నా ఇది చేయొద్దు.

ఇక కొలతలు. ముందు బ్యాటరీ. కొత్తదే అయినా చూడాలి, ఎందుకంటే ఛార్జింగ్ సరిగా లేకపోతే కొత్త బ్యాటరీ కూడా నాలుగు రోజుల్లో ఖాళీ అవుతుంది. హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆర్పి, కొంచెం ఆగి చూస్తే 12.6 వోల్టులు ఉండాలి. 12.4 అంటే ముప్పావు వంతు, 12.2 అంటే సగం నిండినట్టు. మూతలు తీసే రకమైతే హైడ్రోమీటరు (లోపలి యాసిడ్ చిక్కదనం కొలిచేది) పెట్టండి. 1.265 పైన ఉంటే నిండుగా ఉంది. ఆరు గదుల్లో ఒక్కటి మాత్రం మిగతావాటికంటే 0.050 తక్కువ చూపిస్తే ఆ గది పోయింది, బ్యాటరీ కొత్తదైనా సరే వాపసు ఇవ్వాల్సిందే.

తర్వాత మీటరు మొనలు బ్యాటరీ సీసపు పోస్టుల మీదే పెట్టండి. క్లాంపు మీద కాదు, పోస్టు మీద. స్టాప్ లాగి, సెల్ఫ్ ఓ పది సెకన్లు కొట్టించండి. పది వోల్టుల దగ్గర నిలబడితే బ్యాటరీ గట్టిది. 9.6 కంటే కిందికి జారుతూ ఉంటే బ్యాటరీ అయినా బలహీనం, లేదా మోటారు మామూలు కంటే ఎక్కువ లాగుతోంది. పది సెకన్లు అయ్యాక ఒక నిమిషం, రెండు నిమిషాలు ఆగి మళ్లీ కొట్టండి. సెల్ఫ్ మోటారు ఎడతెగకుండా తిరగడానికి తయారైంది కాదు, లోపలి వేడి బయటికి పోవడానికి టైము ఇవ్వాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. మీటరు ఎర్ర మొన బ్యాటరీ పాజిటివ్ పోస్టు మీద, నల్ల మొన సెల్ఫ్ మోటారు లోపలికి కరెంటు వెళ్లే బోల్టు మీద, అంటే సోలనాయిడ్‌కి అవతలి వైపు. తాళం తిప్పకముందు మీటరు 12 పైచిలుకు చూపిస్తుంది, కంగారు పడకండి, సోలనాయిడ్ తెరిచి ఉంది కాబట్టి అలా వస్తుంది. సెల్ఫ్ తిరిగేటప్పుడు ఎంత చూపిస్తుందో అదే మన లెక్క. అర వోల్టు లోపు ఉండాలి. ఒకటి, ఒకటిన్నర వచ్చిందంటే ఆ దారిలో తప్పుంది. అప్పుడు నల్ల మొనను వెనక్కి జరుపుకుంటూ రండి. సోలనాయిడ్‌కి ఇటువైపు బోల్టు, తర్వాత కేబుల్ లగ్గు, తర్వాత బ్యాటరీ క్లాంపు. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతుందో, అక్కడికీ ముందు పెట్టిన చోటుకీ మధ్యనే దొంగ ఉన్నాడు. ఒక్కో అతుకు దగ్గర 0.1 వోల్టు, సోలనాయిడ్ కాంటాక్టుల మధ్య 0.2 లేదా 0.3 దాటకూడదు.

ఎర్త్ వైపు కూడా ఇదే పని. ఒక మొన బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద, ఇంకో మొన సెల్ఫ్ మోటారు ఒంటి మీద, రంగు గీకి లోహం కనపడేలా చేసిన చోట. సెల్ఫ్ కొడుతుండగా 0.3 లోపు ఉండాలి. చాలామంది పాజిటివ్ కేబుల్ మార్చి ఎర్త్ వదిలేస్తారు. కరెంటు ఎంత వెళ్తుందో అంతా తిరిగి రావాలి కదా. వచ్చే దారి ఇరుకైనా మోటారుకి ఒకటే.

ఇదంతా మీ విషయంలో చల్లటి బండి మీద చేస్తే సరిపోదు. చల్లగా ఉన్నప్పటి అంకెలు రాసి పెట్టుకోండి, తర్వాత పని చేయించి, "టక్" అంటున్న సమయంలోనే మళ్లీ కొలవండి. "టక్" మని మోటారు తిరగనప్పుడు మీటరు ఇంకా తేటగా మాట్లాడుతుంది. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు బ్యాటరీ పోస్టుల మధ్య 12.5 అలాగే ఉండిపోయిందంటే కరెంటు అసలు పారట్లేదు, దారి ఎక్కడో తెగింది. అప్పుడు పాజిటివ్ వైపు, ఎర్త్ వైపు పై పరీక్షలు చేస్తే, ఆ తెగిన ముక్క మీద పెట్టినప్పుడు మీటరు పూర్తి 12 చూపిస్తుంది. రెండు వైపులా ఏమీ చూపించకుండా, 12 వోల్టులూ మోటారు బోల్టుకీ మోటారు ఒంటికీ మధ్యనే ఉంటే, తప్పు మోటారు లోపల. కార్బన్లు కమ్యుటేటర్‌ని (అవి రాసుకునే రాగి పట్టీల చక్రాన్ని) తాకట్లేదు, లేదా లోపల అతుకు ఊడింది. అలా కాకుండా బ్యాటరీ వోల్టులు ఒక్కసారిగా ఏడుకో, ఎనిమిదికో పడిపోయాయంటే కరెంటు బాగా పారుతోంది కానీ మోటారు తిరగలేకపోతోంది. మోటారు బిగుసుకుంది, లోపల షార్ట్ అయింది, ఇంజిన్ బిగుసుకుంది, లేదంటే బ్యాటరీలో సత్తువ లేదు.

మీటరు చేతిలో లేకపోతే హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. లైట్లు చెక్కుచెదరకుండా వెలిగితే కరెంటు పారట్లేదు. బాగా మసకబారితే పారుతోంది, మోటారు మొరాయిస్తోంది. పూర్తిగా ఆరిపోయి, తాళం వదలగానే మళ్లీ వెలిగితే బ్యాటరీ పోస్టు దగ్గర క్లాంపు సరిగా కూర్చోలేదు, లేదా బ్యాటరీ ఖాళీ. మొరటు పద్ధతే, కానీ పొలం మధ్యలో అక్కరకొస్తుంది.

మరి వేడికీ దీనికీ సంబంధం ఏంటి? రాగికి ప్రతి డిగ్రీ వేడికీ సుమారు 0.4 శాతం చొప్పున అడ్డం పెరుగుతుంది. ఇంజిన్ పక్కనున్న సెల్ఫ్, సోలనాయిడ్ పొద్దున కంటే 60 డిగ్రీలు ఎక్కువ వేడెక్కితే, కాయిల్స్ అడ్డం దాదాపు పావు వంతు పెరిగినట్టు. కొత్త బండిలో ఇది లెక్కలోకి రాదు, వోల్టులు మిగులుంటాయి కాబట్టి. పాత బండిలో కేబులూ, ఎర్తూ, స్విచ్చూ తలా కాస్త మింగేస్తూ ఉంటే, చల్లగా ఉన్నప్పుడు అంచు మీద నెట్టుకొస్తుంది. మీరన్న ఆ పొద్దుటి నీరసం అదే. వేడెక్కాక ఆ అంచు కూడా దాటిపోతుంది. అందుకే ఇది వేడి సమస్యలా కనిపిస్తుంది కానీ, మూలం పొద్దున కూడా అక్కడే ఉంది.

ఇలాంటి కేసుల్లో నేను మొదట వేలు పెట్టేది సోలనాయిడ్ సన్న తీగ మీద. సోలనాయిడ్‌లో రెండు కాయిల్స్ ఉంటాయి. ఒకటి ప్లంజర్‌ని (లోపల కదిలే ఇనుప కడ్డీని) లాగేది, ఇంకోటి లాగాక పట్టి ఉంచేది. లాగే కాయిల్ ఆ మొదటి క్షణంలో 30, 40 ఆంపియర్ల దాకా అడగొచ్చు. అదంతా ఎటునుంచి వస్తోంది? బ్యాటరీ నుంచి తాళం స్విచ్‌కి, అక్కడి నుంచి హైలో లివర్ కిందున్న న్యూట్రల్ స్విచ్‌కి, అక్కడి నుంచి సోలనాయిడ్‌కి. ఈ బండ్లు 1964 నుంచి 1975 దాకా తయారయ్యాయి. అంటే ఆ తీగలకీ, స్విచ్ కాంటాక్టులకీ అర్ధ శతాబ్దం వయసుంది. ప్రతి పిన్ను దగ్గరా ఆకుపచ్చ తుప్పు ఉంటుంది. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు సోలనాయిడ్ సన్న తీగ బోల్టుకీ మోటారు ఒంటికీ మధ్య కొలవండి. అదే క్షణంలో బ్యాటరీ దగ్గర ఎంత ఉందో, దానికంటే ఒక వోల్టుకి మించి తగ్గకూడదు. రెండు, మూడు తగ్గిందంటే ప్లంజర్ సగం దూరం కదిలి "టక్" మని ఆగుతుంది, లేదా కాంటాక్టుల్ని తాకినా గట్టిగా అదమలేదు. వదులుగా తాకిన చోట రాగి కాలి గుంటలు పడుతుంది, రోజురోజుకీ ఇంకా చెడుతుంది.

దీనికి మందు తేలిక. ఒక మంచి 12 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) పెట్టండి. లావు కేబుల్ వచ్చే బోల్టు నుంచి ఫ్యూజు మీదుగా రిలేకి, రిలే నుంచి సోలనాయిడ్‌కి పొట్టి తీగ, కనీసం 4 చదరపు మిల్లీమీటర్లది. పాత తీగ తెచ్చే కరెంటు ఇప్పుడు రిలే కాయిల్‌ని మాత్రం పని చేయిస్తే చాలు, ఆంపియరులో చిన్న భాగం. అయితే ఒక షరతు. ఆ పాత తీగ న్యూట్రల్ స్విచ్ మీదుగానే రావాలి. రిలే పెట్టే సాకుతో ఆ స్విచ్‌ని పక్కన పడేసిన బండ్లు చూస్తున్నాను, అది ప్రాణాలతో చెలగాటం.

ఎర్త్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే పాత బండిని ముచ్చటపడి బాగుచేయించి రంగు వేయించిన వాళ్లకి ఇదే ఎక్కువగా ఎదురవుతుంది. సెల్ఫ్ మోటారుకి విడిగా ఎర్త్ తీగ ఉండదు, దాని ఒళ్లే ఎర్త్. మోటారు మూతి ఇంజిన్ వెనక పళ్లెంలో కూర్చునే చోట రెండు వైపులా మందంగా రంగు కొడితే, కరెంటు రెండు మూడు బోల్టుల మర మీదుగా మాత్రమే తిరిగి రావాలి. రీకండిషన్ చేసిన మోటార్లు కూడా తళతళలాడే నల్లరంగుతో వస్తాయి, అంచు మీద కూడా కొట్టేసి ఉంటుంది. మీరు మార్చిన మోటారు అలాంటిదేమో చూడండి. ఆ మూతి అంచు, పళ్లెం ముఖం, బోల్టు తలల కింద రంగు పూర్తిగా గీకి, లోహం మెరిసేలా చేసి బిగించండి. బ్యాటరీ ఎర్త్ పట్టీ బానెట్ రేకుకో, బ్యాటరీ పెట్టె స్టాండుకో బిగించి ఉంటే తీసేయండి. కొత్త కేబుల్ నేరుగా సెల్ఫ్ బిగించే బోల్టుకి, లేదా దాని పక్కనే ఇంజిన్ బ్లాకుకి వేయండి. పళ్ల వాషరు వేసి, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయండి. ముందు పూసి తర్వాత బిగించొద్దు.

కేబుల్ లావు విషయంలో కక్కుర్తి పడొద్దు. 50 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 2 మీటర్ల మీద 300 ఆంపియర్లకి పోయేది 0.2 వోల్టు. అదే 16 చదరపు మిల్లీమీటర్లదైతే 0.65. బయటి ప్లాస్టిక్ మందం చూసి మోసపోకండి, లోపల రాగి ఎంతుందో చూడాలి. పాత కేబుల్ లగ్గు దగ్గర ప్లాస్టిక్ నొక్కితే కరకరమంటే, కొంచెం కోసి చూడండి, పోగులు నల్లబడో, ఆకుపచ్చ పొడి పట్టో ఉంటాయి. ఆ తుప్పు లోపల్లోపలే జానెడు దూరం పాకుతుంది, చివర కోసి కొత్త లగ్గు వేసినా లాభం లేదు. ఇక బ్యాటరీ పోస్టు మీద, రెండు బోల్టులతో తీగని నొక్కి పట్టే తాత్కాలిక క్లాంపులు ఉంటాయి చూడండి, వాటిని ట్రాక్టరు మీద శాశ్వతంగా ఉంచకూడదు. సెల్ఫ్ పది సెకన్లు కొట్టాక తాళం తీసి, ఒక్కో అతుకునూ వేలితో జాగ్రత్తగా తాకి చూడండి. ఏది వేడిగా ఉందో అదే తప్పు.

బ్యాటరీ విప్పేటప్పుడు ఎర్త్ కేబుల్ ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. పానా జారి బండికి తగిలినా నిప్పురవ్వలు రావు.

ఇవన్నీ సరిచేసి, కొలతలు బాగున్నా "టక్" మనే ఆగితే, అప్పుడు మోటారు విప్పండి. బెంచి మీద బ్యాటరీ పెడితే బాగానే తిరిగిందన్న మాట సాక్ష్యం కాదు. బరువు లేకుండా తిరగడానికి అరిగిపోయిన మోటారుకి కూడా ఓపిక ఉంటుంది. విప్పాక చూడాల్సిన మొదటి చోటు ఆర్మేచర్, అంటే మోటారు లోపల తిరిగే భాగం. దాని ఇనుప రేకుల మీద ఒకవైపు గీసుకుపోయి మెరుస్తున్న చారలు ఉంటే బుష్‌లు (షాఫ్టు తిరిగే కంచు గొట్టాలు) అరిగి ఆర్మేచర్ పక్కకి వాలింది, చుట్టూ ఉన్న ఫీల్డ్ ఇనుముని రాసుకుంటోంది. వేడెక్కినప్పుడే బిగుసుకునే మోటార్లలో ఇది మామూలుగా కనిపించే తప్పు. రంగు వేసి, కార్బన్లు మార్చి "రీకండిషన్" అని చేతిలో పెట్టే మోటార్లలో బుష్‌లు పాతవే ఉండటం అరుదేమీ కాదు. కొత్త కంచు బుష్‌ని బిగించే ముందు ఒక రాత్రంతా ఇంజిన్ ఆయిల్‌లో నాననివ్వండి, లోపలి సూక్ష్మరంధ్రాలు నూనె తాగాలి. దాని లోపలి రంధ్రాన్ని రీమర్‌తో పెద్దది చేయొద్దు, ఆ సూక్ష్మరంధ్రాలు మూసుకుపోతాయి.

కార్బన్లు గూట్లో వేలితో అటూ ఇటూ సులువుగా జారాలి. స్ప్రింగు కార్బన్ వీపు మీద నొక్కుతూ ఉండాలి, గూటి అంచు మీద ఆని ఉంటే కార్బన్ అయిపోయినట్టే. కమ్యుటేటర్ రాగి లేత గోధుమ రంగులో నున్నగా ఉంటే ముట్టుకోకండి. నల్లగా ఉంటే సన్నటి గాజు కాగితంతో తుడవండి, ఎమరీ కాగితం వద్దు, దాని రజను పట్టీల మధ్య ఇరుక్కుంటుంది. ఇంకో మాట. డైనమోలో రాగి పట్టీల మధ్య మైకాని లోతుగా కోస్తారు. ఆ అలవాటుతో లూకాస్ కంపెనీ సెల్ఫ్ మోటారులో కూడా కోసేస్తుంటారు, అది కోయకూడదు. మోటారు లోపల నూనె తడి కనిపిస్తే ఇంజిన్ వెనక సీలు కారుతోందని అర్థం. క్లచ్ పొడీ, నూనె కలిసి కార్బన్ల గూళ్లలో ముద్దకడుతుంది. సీలు సంగతి చూడకుండా మోటారు ఎన్నిసార్లు కడిగినా అంతే.

ఇంజిన్ బిగుసుకుంటోందన్న అనుమానం తీర్చుకోవడానికి హెడ్డు విప్పక్కర్లేదు. "టక్" అంటున్న వేళ తాళం తీసేసి, ముందు పుల్లీ నట్టుకి పానా వేసి తిప్పండి. కంప్రెషన్ దగ్గర బరువుగా, అది దాటాక తేలికగా తిరిగితే ఇంజిన్ బాగుంది. రేడియేటరు మరిగేంత వేడెక్కే బండైతే మాట వేరు, అప్పుడు ముందు చల్లబరిచే వ్యవస్థ చూడాలి. ఎంతో కాలం వాడకుండా ఉంచిన బండిలో ఇంకో ప్రమాదం ఉంది. సిలిండర్‌లోకి నీళ్లో, డీజిలో దిగి ఉంటే పిస్టన్ పైకి రాలేదు, సెల్ఫ్ గోడకి కొట్టుకున్నట్టు ఆగుతుంది. అలాంటప్పుడు బలవంతంగా కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఇంజెక్టర్లు తీసి చేత్తో తిప్పాలి.

సెల్ఫ్ కొట్టేటప్పుడు క్లచ్ తొక్కి ఉంచండి. గేర్‌బాక్సులో చిక్కటి నూనెని కలిపే భారం ఇంజిన్ మీద పడదు. డీజిల్ అంటుకోవాలంటే గాలి వేడెక్కాలి, గాలి వేడెక్కాలంటే ఇంజిన్ వేగంగా తిరగాలి. నిమిషానికి నూరు చుట్లు కూడా తిరగని ఇంజిన్‌ని అరగంట కొట్టినా అంటుకోదు. నిదానంగా తిరుగుతోంది కదా అని ఈథర్ స్ప్రే చేయడం అస్సలు వద్దు. ఈ బండ్లలో ఉండే పెర్కిన్స్ ఇంజిన్లకి మానిఫోల్డ్‌లో (గాలి లోపలికి వెళ్లే గొట్టంలో) థర్మోస్టార్ట్ హీటరు ఉంటుంది, అది ఎర్రగా ఉన్నప్పుడు ఈథర్ తగిలితే మానిఫోల్డ్‌లోనే పేలుతుంది.

మీది ఒక్క "టక్" కాబట్టి దాని మీదే ఇంతసేపు ఉన్నాను. మిగతా చప్పుళ్లు త్వరగా చెప్పేస్తాను. టకటకటక అని ఆగకుండా కొట్టుకుంటే ఎక్కువసార్లు బ్యాటరీ ఖాళీ, లేదా పోస్టు వదులు. కాంటాక్టులు కలవగానే వోల్టులు పడిపోయి ప్లంజర్ వదిలేస్తుంది, వదలగానే వోల్టులు లేచి మళ్లీ లాగుతుంది. బ్యాటరీ నిండుగా ఉండి కూడా ఇలా కొట్టుకుంటే సోలనాయిడ్‌లో పట్టి ఉంచే కాయిల్ తెగింది. అసలు చప్పుడే లేకపోతే న్యూట్రల్ స్విచ్, తాళం స్విచ్, సన్న తీగ. హైలో లివర్‌ని న్యూట్రల్‌లో అటూ ఇటూ కదుపుతూ తాళం తిప్పితే అందుకుంటే, దొరికేసినట్టే.

మోటారు సర్రున తిరిగి ఇంజిన్ తిరగకపోతే బెండిక్స్, అంటే మోటారు పిన్నియన్‌ని (చిన్న పళ్లచక్రాన్ని) ఇంజిన్ పళ్ల రింగుకి కలిపే భాగం. పాత రకంలో పిన్నియన్ మర మీద జారుకుంటూ వెళ్లి రింగుని పట్టుకుంటుంది, ఆ మరలో దుమ్మూ జిడ్డూ ముద్దకడితే జారదు. కిరోసిన్‌తో శుభ్రంగా కడిగి ఆరబెట్టండి, గ్రీజు రాయొద్దు, మళ్లీ దుమ్ము పడుతుంది. సోలనాయిడ్‌తో ముందుకు తోసే రకంలో ఒకవైపే పట్టే క్లచ్ జారుతుంది, దాన్ని మార్చడమే. పాత రకం పిన్నియన్ రింగులో ఇరుక్కుపోతే చాలా మోటార్ల చివర టోపీ కింద షాఫ్టుకి చదరపు తల ఉంటుంది, తాళం తీసి పానాతో తిప్పితే విడిపోతుంది.

కరకరమని పళ్లు రాసుకునే చప్పుడైతే రింగు పళ్లు చూడాలి. ఇంజిన్ ఎప్పుడూ కంప్రెషన్ ఎదురైన చోటే ఆగుతుంది. అందుకని మూడు సిలిండర్ల ఇంజిన్‌లో రింగు మూడు చోట్ల, నాలుగు సిలిండర్లదైతే రెండు చోట్ల అరుగుతుంది. మోటారు తీసిన కన్నంలోంచి లైటు వేసి, ఇంజిన్‌ని చేత్తో తిప్పుతూ చుట్టూ చూడండి. ఒక్కచోట బాగుందని వదిలేయొద్దు.

మీ తర్వాత ఈ సమాధానం చదివే వాళ్లలో ఇంకా పాత బండ్లవాళ్లు ఉంటారు కాబట్టి ఇది కూడా చెబుతాను. 1947 నుంచి 1952 దాకా వచ్చిన ఫోర్డ్ 8ఎన్ లాంటివి 6 వోల్టుల బండ్లు, పైగా పాజిటివ్ ఎర్త్. వాటిలో విప్పేటప్పుడు ముందు తీయాల్సింది పాజిటివ్ కేబుల్. వోల్టులు సగమే కాబట్టి ఆంపియర్లు ఎక్కువ కావాలి, 12 వోల్టుల బండి కేబుల్ కంటే లావు కేబుల్ ఉండాలి, నేను చెప్పిన హద్దులన్నీ సగానికి తగ్గించుకోవాలి. 6 నుంచి 12కి మార్చిన బండ్లలో పాత సెల్ఫే బాగా తిరుగుతుంది కానీ బెండిక్స్ రింగుని గట్టిగా గుద్దుతుంది. అంటుకోగానే వదిలేయాలి. పాత సెల్ఫ్‌కి ఫీల్డ్ కాయిల్స్ ఉంటాయి కాబట్టి ఎర్త్ పాజిటివ్ నుంచి నెగటివ్‌కి మార్చినా తిరిగే దిక్కు మారదు. కొత్తగా దొరికే చిన్న గేర్ రిడక్షన్ మోటార్లలో శాశ్వత అయస్కాంతాలున్న రకాన్ని పాజిటివ్ ఎర్త్ బండికి తగిలిస్తే ఎదురు తిరుగుతుంది, కొనేముందు చూసుకోండి.

మీరైతే గేర్ రిడక్షన్ మోటారు ఇప్పుడే కొనకండి. అవి తక్కువ కరెంటుతో వేగంగా తిప్పే మాట నిజమే, మంచివే. కానీ మీ ఎర్త్ అలాగే ఉంటే మూడో మోటారు కూడా కొన్నాళ్లకి "టక్" అంటుంది. ముందు ఎర్త్ కేబుల్ నేరుగా సెల్ఫ్ బోల్టుకి మార్చండి, మోటారు మూతి రంగు గీకండి, తర్వాత వేడి బండి మీద నాలుగు అంకెలు తీసుకోండి: బ్యాటరీ పోస్టుల మధ్య, పాజిటివ్ దారి, ఎర్త్ దారి, సోలనాయిడ్ సన్న తీగ. అన్నీ తాళం తిప్పి పట్టుకున్నప్పుడే. ఆ నాలుగూ రాసి పంపితే, తర్వాత పానా ఎక్కడ పెట్టాలో కచ్చితంగా చెప్పగలను.